గోడ మీది కాగితం

కాలేజీ మూడో అంతస్తులో నెట్‌వర్క్ ల్యాబు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నలభై కంప్యూటర్ల మధ్య ఉన్నది ఇద్దరే. ఒకరు ఇరవై ఏళ్లుగా ఆ గదిలో పాఠం చెబుతున్న మాస్టారు. రెండో మనిషి పొద్దున కొత్త ఇంటర్నెట్ లైను బిగించడానికి నిచ్చెన మోసుకొచ్చిన అమ్మాయి. ఆమె ఒక్క ఐదు నిమిషాలు గదిలోంచి బయటికెళ్తే చాలునని మాస్టారు గంటనుంచీ చూస్తున్నారు.

"లైను బాగుంటే పేజీ ఎందుకు తెరుచుకోదమ్మా? నువ్వు చెప్పేది ఒకటి, ఇక్కడ జరిగేది ఒకటి."

"లైను బాగానే ఉంది సార్. మీ కళ్లముందే నా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూపించా కదా. బ్రహ్మాండంగా వచ్చింది."

"నీ ల్యాప్‌టాప్‌లో వస్తే నాకేం ఒరుగుతుంది? రెండింటికి నలభైమంది పిల్లలొచ్చి కూర్చుంటారు. ఉద్యోగాల పరీక్ష. ఆన్‌లైన్లో. ఒక్క కంప్యూటర్లోనూ నెట్ రావట్లేదు."

"అందుకే అంటున్నా సార్. లైనులోంచి మీ రౌటర్ దాకా వస్తోంది. రౌటర్ దాటి కంప్యూటర్లకి పోవట్లేదు. అంటే తేడా రౌటర్ సెట్టింగులో ఉంది. ఒకసారి తెరిచి చూపించండి."

"సెట్టింగు సంగతి నాకొదిలెయ్. నువ్వెళ్లి డాబా మీద కేబుల్ చూసిరా."

"చూశాను. రెండుసార్లు, మీరు పొద్దున క్లాసుకెళ్లినప్పుడు."

"మళ్లీ చూడు. పావురాలు తిరుగుతుంటాయక్కడ."

"పావురాలు కేబుల్ కొరకవు సార్."

"అయితే కిందికెళ్లి టీ తాగిరా. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు నువ్వు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"ఇప్పుడు నాకు టీ దిగదు సార్. మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు."

"ఏమిటట?"

"పదకొండింటికి మీరు ఆఫీసుకి ఫోన్ చేశారట. ఈ అమ్మాయికి పని రాదు, వేరే మనిషిని పంపండి అన్నారట."

"అలా... అలా అనలేదు. అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఉంటే బాగుంటుందన్నాను. అంతే."

"నాకు తొమ్మిదేళ్ల అనుభవం సార్. ఈ ఏడాది ఇప్పటికే రెండు కంప్లయింట్లున్నాయి నా మీద. ఒకటి, గేటు సరిగ్గా వెయ్యకపోతే ఎవరిదో కుక్క వీధిలోకి పోయిందని. రెండోది, వానలో స్తంభం ఎక్కనన్నానని. మూడోది పడితే ఇంటికే. ఒంటిగంటకల్లా మీ సంతకంతో ఈ జాబ్‌షీట్ తీసుకెళ్లకపోతే ఆ మూడోది పడ్డట్టే."

"సంతకం పెడతాలే. ముందు నువ్వు కాసేపు అలా వరండాలో కూర్చో. నేను చూసుకుంటా. ఐదు నిమిషాలు."

"ఏం చూసుకుంటారు?"

"ఏదో ఒకటి చూసుకుంటా! ప్రతిదానికీ లాయరమ్మలా అడ్డు ప్రశ్నలెయ్యకు."

"ఏమన్నారు సార్?"

"అదే... మాటవరసకన్నాను."

"లాయరమ్మ."

"ఊరికే నోటికొచ్చింది."

"పదకొండేళ్లయింది సార్ ఆ పేరు విని. అలా పిలిచిన మనిషి ఒక్కరే ఉన్నారు. అయితే పొద్దున నేను గుమ్మంలో నిచ్చెన పెట్టినప్పుడే గుర్తుపట్టారన్నమాట. నేనింకా, మాస్టారు మర్చిపోయారు, పోనీలే, ఎంతమందిని గుర్తుపెట్టుకుంటారు అనుకున్నా. గుర్తుపట్టే ఆఫీసుకి ఫోన్ చేశారా? గుర్తుపట్టే, పని రాదన్నారా?"

"నిన్ను చూడగానే తల కొట్టేసినట్టయిందమ్మా. ఏం చెయ్యాలో తోచలేదు. వేరే ఎవరైనా వస్తే..."

"వేరే ఎవరొచ్చినా ఈ లైను ఇంతే సార్. రౌటర్ తెరవండి."

"పాస్‌వర్డ్... ఏదో ఉండాలి. గుర్తుకు రావట్లేదు."

"నీళ్లు నమలకండి సార్. పొద్దున ఫైనలియర్ పిల్లల్ని వెనకాల నిలబెట్టుకుని ఈ రౌటర్ సెట్టింగంతా టైపు చేశారుగా. నేనొచ్చేసరికి వాళ్లు బయటికొస్తున్నారు. అందరి చేతుల్లో ఆ సెట్టింగు లైన్లు రాసిన ఇదే కాగితం. ఇదిగో, గోడమీద ఉన్న కాగితమే. ఇప్పుడు దీనికి లామినేషన్ కూడా చేయించారే! మా రోజుల్లో ఉత్త జిరాక్సు."

"ఉండు, తెరుస్తున్నా. నువ్వక్కడే నిలబడు. కుర్చీలో కూర్చో. వద్దులే, నిలబడు."

"చూడనివ్వండి. కొంచెం పక్కకి... ఆ. ఇదీ సంగతి."

"ఏది?"

"మీకు నేను చెప్పాలా సార్? లోపల నలభై కంప్యూటర్లు. వాటి నంబర్లు ఈ గదిలో చెల్లుతాయి కానీ బయట ఎవరికీ తెలీవు. అందుకని రౌటర్ మధ్యలో కూర్చుని, బయటికెళ్లే ప్రతిదానికీ మా కంపెనీ ఇచ్చిన ఒకే ఒక్క నంబరు తగిలించి పంపాలి. జవాబొస్తే ఎవరిదో చూసి వాళ్లకివ్వాలి. హాస్టల్లో ఎవరు ఉత్తరం రాసినా వార్డెన్ అడ్రసే వేస్తారు, జవాబొస్తే ఆయనే గది వెతికి ఇస్తాడు. మీరు చెప్పిన ఉదాహరణే."

"గుర్తుందా నీకు?"

"అంత బాగా ఇంకెవరూ చెప్పలేదు సార్. అందుకే గుర్తుంది. మరి ఆ వార్డెన్‌కి ఏది గదుల వైపు గుమ్మమో, ఏది వీధి వైపు గుమ్మమో ముందు చెప్పాలా వద్దా?"

"చెప్పాలి."

"ఇక్కడేం చెప్పారో చదవండి. కంప్యూటర్లున్న పోర్టుకి అవుట్‌సైడ్ అని. నా లైనున్న పోర్టుకి ఇన్‌సైడ్ అని. రెండూ తిరగేసి ఉన్నాయి. ఇంకేం వస్తుంది నెట్?"

"టైపింగ్‌లో ఏదో పొరపాటు."

"పొరపాటు కాదు సార్. గోడమీదా అలాగే ఉంది. ఐదో లైను, ఎనిమిదో లైను. కింద మీ సంతకం."

"ఆ కాగితం పెట్టుకునే ఇన్నేళ్లూ ప్రాక్టికల్స్ చేయించాను. ఏడాదికి అరవైమంది. అందరికీ అవతలినుంచి జవాబొస్తుంది. తప్పయితే ఎలా వస్తుంది?"

"ఎందుకొస్తుందో మీరు నన్నడుగుతున్నారా? మీరు బయటి ప్రపంచం అని పెట్టిన రౌటర్ ఎక్కడుంది సార్? ఆ బల్లమీద. ఇక్కడికి నాలుగడుగులు. ఈ గదిలో నంబర్లన్నీ దానికి మీరే ముందుగా చెప్పి, వెనక్కొచ్చే దారి కూడా మీరే రాసిపెట్టారు. ఇక నంబరు మార్చి పంపినా, మార్చకుండా పంపినా జవాబు రాక ఏమవుతుంది? నిజంగా బయట ఉన్నవాడికి ఆ దారి ఎవడు రాసిపెడతాడు?"

"ఊఁ."

"ఆ రోజు కూడా ఇదే అన్నాను."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ. టైమవుతోంది."

"టైముంది. ఒక్క నిమిషం. ఆఖరి ప్రాక్టికల్. నాకీ ప్రశ్నే వచ్చింది. నేను సరిగ్గా పెట్టాను. లోపల లోపల, బయట బయట. మీరొచ్చి కాగితంతో పోల్చి, రెండు లైన్లు తప్పన్నారు. నేను తప్పు కాదన్నా. ఆ వెనక్కొచ్చే దారి తీసేసి చూడండి సార్, నాది పనిచేస్తుంది, కాగితంలో ఉన్నది పనిచెయ్యదు అన్నా."

"బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడా రోజు. పెద్దమనిషి. నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు."

"తెలుసు. ఆయన నవ్వాడు. అప్పుడు మీకు కోపమొచ్చింది. ఏమన్నారో గుర్తుందా?"

"లేదు."

"సార్."

"...గుర్తుంది."

"లాయరమ్మా, వాదనలు కట్టిపెట్టు, ఈ తెలివితో నిన్ను స్తంభాలెక్కే పనికి కూడా తీసుకోరు అన్నారు. అరవైమంది ముందు. తీసుకున్నారు సార్. ఇదిగో బెల్టు. ఇదిగో నిచ్చెన."

"అమ్మా..."

"నేనేమీ సాధించడానికి అనట్లేదు. పని మంచిదే. పైకెక్కితే గాలి బాగుంటుంది. కానీ అప్పటికే నాకో కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. సర్టిఫికెట్ తెచ్చుకుని చేరమన్నారు. ఒక్క ప్రాక్టికల్ పోయింది, సర్టిఫికెట్ లేదు, ఉద్యోగం లేదు."

"మళ్లీ రాసుండొచ్చు కదమ్మా. ఆరునెలలకే సప్లిమెంటరీ ఉండేది."

"మళ్లీ రాయాలంటే మీ కాగితంలో ఉన్నట్టు రాయాలి. తప్పని తెలిసి తప్పు రాయమంటే చెయ్యి రాలేదు సార్. పొగరనుకోండి."

"ఇంట్లో ఏమన్నారు?"

"మా అక్కావాళ్లింట్లో ఉండి చదువుకున్నాను. బావగారు పాపం ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండేది. సాయంత్రమయితే ఆయన అన్నం దగ్గర కూర్చుని, నా ఎదురుగా మా అక్కనడిగేవాడు, చెల్లెలేం చెయ్యాలనుకుంటోంది అని. నేను గోడవైపు తిరిగి ముద్ద మింగేదాన్ని. ప్రాక్టికల్ రోజయితే ఇంటికెళ్లడానికే మొహం చెల్లలేదు. కింద మెట్లమీద కూర్చుండిపోయాను. ఐదింటికి వాచ్‌మన్ తాళం వేస్తానంటే లేచా. పిచ్చిదాన్ని. మీరు ఒకసారి సరిచూసుకుని, పైనుంచి పిలుస్తారేమో అనుకున్నా. లాయరమ్మా, ఇటురా అని. అందుకే గేటు దాటకుండా అక్కడే కూర్చున్నా."

"రౌటర్... మార్చనా?"

"మార్చండి. మీ చేత్తోనే మార్చండి. నేను ముట్టుకుంటే అదీ నా నెత్తిమీదే పడుతుంది. ఏ లైనో చెప్పనా?"

"అక్కర్లేదు."

"పాతవి ముందు తీసెయ్యాలి, తర్వాత... అరె! అయిపోయిందా? చకచకా కొట్టేశారే, కాగితం వైపు కూడా చూడకుండా."

"రెండు లైన్లే కదా."

"మూడో నంబరు కంప్యూటర్లో చూస్తానుండండి... వచ్చింది సార్! పేజీ తెరుచుకుంది. పదకొండులో కూడా. ఆ చివరిదాంట్లో... ఆ, అదీ వచ్చింది. పరీక్షకి ఢోకా లేదు."

"హమ్మయ్య. ఇలా తే, నీ కాగితం. సంతకం పెడతా."

"ముందు ఫోన్ సార్. మా సూపర్‌వైజర్‌కి. మీరు పొద్దున చేసిన నంబరే."

"ఇప్పుడా?"

"నేను ఎదురుగా ఉండగానే."

"...హలో. ఆ, కాలేజీ నుంచి. లైను సరిపోయిందండీ. నెట్ వస్తోంది. ఆ, ఆ, అంతా బాగానే ఉంది. ఉంటానండీ."

"తప్పెవరిదో చెప్పలేదు సార్."

"సరిపోయిందన్నాను కదమ్మా. ఇంకేం కావాలి?"

"సరిపోయిందంటే, నేను చెడగొట్టి, మీరు ఫోన్ చేశాక భయపడి బాగుచేశాననుకుంటారు. కంప్లయింటు అలాగే ఉంటుంది."

"ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి. ఎలా చెప్పమంటావు నన్ను?"

"నేను అరవైమంది ముందు విన్నాను సార్. మీరు ఒక్కడికి చెప్పాలి. అదీ ఫోన్లో. ఒంటిగంటకి ఇరవై నిమిషాలే ఉంది."

"...హలో. మళ్లీ నేనేనండీ. ఇందాక ఒక మాట చెప్పలేదు. మీ అమ్మాయి తప్పేమీ లేదు. లైను మొదటినుంచీ బాగానే ఉంది. తప్పు నాది. రౌటర్లో లోపలి వైపు, బయటి వైపు తిరగేసి పెట్టాను... ఆ, నేనే. మాస్టారినే... అవునండీ, ఆ పాఠం చెప్పేది కూడా నేనే... నవ్వకండి. సరే, నవ్వండి, పర్లేదు. పొద్దున ఇచ్చిన కంప్లయింటు కొట్టెయ్యండి. ఆ అమ్మాయికి పని వచ్చు. నాకంటే బాగా వచ్చు. ఉంటాను... ఇక చాలా నీకు?"

"చాలు సార్. ఇక్కడ సంతకం. ఇక్కడ కూడా."

"పెన్ను సరిగ్గా రాయట్లేదు."

"పెన్ను బాగానే ఉంది. కింద అట్ట పెట్టుకోండి. కూర్చోండి సార్. మంచినీళ్లు తెచ్చిపెట్టనా?"

"వద్దు. నువ్విలా మంచిగా మాట్లాడితే నాకింకా కష్టంగా ఉంది. నాలుగు తిట్టు."

"తిట్లు ఎప్పుడో అయిపోయాయి. స్తంభమెక్కిన ప్రతిసారీ, పైన క్లిప్పు తగిలించుకున్నాక, మిమ్మల్నొక మాట అనుకుని అప్పుడు పని మొదలెట్టేదాన్ని. కొందరు దణ్ణం పెట్టుకుంటారు చూడండి, అలాగ."

"తొమ్మిదేళ్లూనా?"

"ఒక్కరోజు కూడా మానలేదు. కానీ ఇవాళ, ఆ గోడమీది కాగితం ఇంకా అలాగే ఉండటం చూశాక, కోపం పోయింది సార్. నిజంగా పోయింది."

"ఎందుకు పోయింది?"

"ఇన్నాళ్లూ నేనేమనుకున్నానంటే, మాస్టారికి తెలుసు, తెలిసే పెద్దమనిషి ముందు పరువు కోసం నన్ను ఫెయిల్ చేశాడు అని. ఆ కాగితం చూశాక అర్థమైంది. పాపం మీకూ తెలీదు. తెలిసినవాళ్లు తప్పుని లామినేషన్ చేయించి గోడకి తగిలిస్తారా? తెలియక చేసినదానికి ఎవరం ఏం చేస్తాం. వస్తాను సార్. ఆ కాగితం మాత్రం మార్చెయ్యండి."

"ఆగమ్మా."

"ఏంటి సార్?"

"ఆ నిచ్చెన కిందపెట్టు."

"టైమవుతోంది సార్..."

"ఒక్క నిమిషం. ఇందాకణ్ణుంచీ నిన్ను డాబా మీదికి పొమ్మన్నాను. టీకి పొమ్మన్నాను. వరండాలో కూర్చోమన్నాను. ఎందుకనుకున్నావు?"

"నన్ను చూడలేక. మీరే చెప్పారుగా."

"అదీ ఉంది. అదొక్కటే కాదు. నువ్వటు వెళ్తే ఇటు ఆ రెండు లైన్లు మార్చేద్దామని."

"...ఏ రెండు లైన్లు?"

"ఐదు, ఎనిమిది."

"అంటే..."

"పొద్దున పిల్లలు కాగితాలు పట్టుకుని నా వెనకే నిలబడ్డారు. కాగితంలో ఉన్నట్టే కొట్టాలిగా. వాళ్లని పంపించేశాక మెల్లగా మారుద్దామనుకున్నా. ఇంతలో గుమ్మంలో నిచ్చెన చప్పుడు. చూస్తే నువ్వు. నీ ముందెలా మార్చను?"

"అంటే మీకు తెలుసా? తెలిసే తప్పు పాఠం చెబుతున్నారా? అంతమందికీ?"

"కాగితం మారిస్తే, ఎందుకు మార్చారని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే నీ పేరొస్తుంది. ఈ ఏడాది మారుద్దాం, వచ్చే ఏడాది మారుద్దాం అనుకుంటూనే ఉన్నా. అటెండరు లామినేషన్ చేసి తెస్తే, వద్దనడానికి కూడా నోరు రాలేదు."

"ఎప్పటినుంచి తెలుసు సార్? పోయినేడాదా? అంతకు ముందా?"

"వెనక్కొచ్చే దారి తీసేసి చూడమన్నావు కదా నువ్వు. ఎగ్జామినర్ కాఫీకి లేచినప్పుడు, నీ కంప్యూటర్ దగ్గరే కూర్చుని తీసి చూశాను. నువ్వు పెట్టిందానికి జవాబొచ్చింది. నా కాగితంలో ఉన్నట్టు మార్చి చూశాను. రాలేదు."

"ఆ రోజే!"

"ఆ రోజే."

"అప్పటికి మార్కులు పంపేశారా? అది చెప్పండి. పంపేశాక తెలిసిందా?"

"మార్కుల కాగితం నా చేతిలోనే ఉందమ్మా, సంతకం కూడా పెట్టలేదు. అదిగో, ఆ కిటికీ దగ్గర నిలబడితే కింద మెట్లు కనిపిస్తాయి. ఐదింటిదాకా అక్కడే నిలబడి నిన్నే చూస్తున్నాను."